ఈ వారం సమస్య (ఇచ్చిన చివరి పాదానికి ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూరించాలి): గోచి దొరను గొట్టె గొలువులోన

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే: గోచి, దొరను, గొట్టె, గొలువు, లోన. సూర్యగణమంటే మూడు లఘువుల (పొట్టి అక్షరాల) నగణం, లేదా ఒక గురువు (పొడుగు అక్షరం), ఒక లఘువు ఉన్న హగణం. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం, గో–గొ. గుడ్డముక్క మనిషిని ఎట్లా కొడుతుందన్నదే చిక్కు. ‘గోచిపాతరాయుడు’ అంటామే, ఆ దారి చూడండి. బట్ట పేరే లేనివాడి పేరైపోయిన మాట అది.

కావలి సభ్యుడు:
వలలుడనెడి పేర వంటశాలను జేరి
మొలకు గోచి జుట్టి మూకుడెత్తి
భీమసేను డలిగి పిడికిట గీచకున్
గోచి దొరను గొట్టె గొలువులోన

ఒంగోలు సభ్యురాలు: తిక్కన విరాటపర్వం పట్టుకున్నారు, నెల్లూరోళ్ళు ఇంకేం పట్టుకుంటారు! కీచకుడు విరాటుడి బావమరిది, సేనాపతి, కాబట్టి దొరే. గోచి రెండో పాదంలోనే మొలకు చేరింది గనక చివర అది మనిషిగా మారినా అతుకు కనపడలేదు. భీ–పి యతి వర్గజం (ఒకే వర్గపు అక్షరాలు), చెల్లుతుంది. కానీ కీచకుడు చచ్చింది రాత్రిపూట నర్తనశాలలో. కొలువులో జరిగింది వాడు ద్రౌపదిని తన్నడం. ‘కొలువు’ అంటే ఊడిగమని చెప్పుకుంటేనే పద్యం నిలుస్తుంది. ఇక ఆ మూకుడెందుకు? ఎత్తింది మూకుడు, కొట్టింది పిడికిలి. యతి కోసం వంటింట్లోంచి తెచ్చినట్టుంది.

కందుకూరు సభ్యుడు:
గళ్ళబల్ల మీద గాలిబం టొక్కటి
ఒక్క గడియె నడచి యొదిగి యొదిగి
ఏటవాలు గడిని నెదిరిసేనను గూల్చి
గోచి దొరను గొట్టె గొలువులోన

ఒంగోలు సభ్యురాలు: చదరంగంలో బంటు నడక నేరుగా, చంపడం ఏటవాలుగా. అది సరిగ్గా చెప్పారు. మన పాత ఆటలో మొదటి ఎత్తుకూ ఒక్క గడే, అదీ సరే. రాజును మాత్రం కొట్టరు, ఆట కడతారు. దొరంటే మంత్రి అనుకోవాలి. అసలు లోటు వేరే ఉంది: పై మూడు పాదాల్లో గోచి ఊసే లేదు. బంటుకు గోచి ఎవరు కట్టారబ్బయా?

కొత్త సభ్యుడు: ‘తడిసిన బనీను తాటికి వేలాడ’ అని ఎత్తుకుంటే నడక కుంటుతోంది. ఎందుకని?

నిర్వాహకుడు: ‘తడిసి’ నగణం, బాగుంది. తర్వాత ‘నబనీ’ రెండు లఘువులు, ఒక గురువు. అది సగణం, సూర్యగణం కాదు. ‘బనీను’ ఒంటరిగా జగణం (లఘువు, గురువు, లఘువు), సూర్యగణం ఏదీ దాన్ని మొత్తంగా మోయదు. ‘బ’ను ముందు గణానికి తోసి, ‘నీను’ను హగణం చేసుకోవాలి. ‘నేల పైన జిరుబ నీను రాలె’ రెండో పాదానికి పనికొస్తుంది, యతి నే–నీ. ‘చిరు’ అనడంతో అది పసిపిల్లవాడి బనీనైపోయింది, ఏం చేస్తాం. కందపద్యంలో అయితే ఆరో గణంగా నిక్షేపంగా కూర్చుంటుంది. ఇలాంటి మాటలే ఇంకొన్ని: ‘చెడ్డీ’కి చివర దీర్ఘం తీసేసి ‘చెడ్డి’ అంటే హగణం. ‘పాలేరు’ తగణం (రెండు గురువులు, ఒక లఘువు), బేసి పాదాల చివరే చోటు. ‘జీతగాడు’ రెండు హగణాలు, ఎక్కడైనా ఒదుగుతాడు.

కావలి సభ్యుడు: మూకుడు దించేశానమ్మా. ‘మొలకు గోచి జుట్టి మూలనుండి’.

ఒంగోలు సభ్యురాలు: ఇప్పుడు పనివాడు పనివాడిలా ఉన్నాడు.