పికప్, స్విచాఫ్, లాగిన్: ఇంగ్లీషు వాక్యంలో ‘ఇట్’ ఎక్కడ రావాలి?

ప్రశ్న

నమస్కారం. నేను విజయవాడలో ఒక సరుకు రవాణా కార్యాలయంలో పనిచేస్తున్నాను. నా చదువంతా తెలుగు మాధ్యమంలోనే సాగింది. ఇంగ్లీషులో వచ్చిన ఈమెయిల్ చదివితే అర్థమవుతుంది, జవాబు రాయడానికీ పెద్దగా ఇబ్బంది లేదు. కానీ క్రియ పక్కన అప్, ఆఫ్, అవుట్, బ్యాక్ వంటి చిన్న మాట చేరిందంటే అక్కడ తడబడుతున్నాను. ఈ నెలలో మా సమీక్షా సమావేశం గురించి వచ్చిన ఈమెయిళ్లలో ఒకదానిలో ‘పుట్ ఆఫ్’ అని, ఇంకొకదానిలో ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అని, మరొకదానిలో ‘కాల్ ఆఫ్’ అని ఉంది. వీటి మధ్య తేడా ఏమిటి?

రెండో సందేహం: నేను ‘ఐ విల్ పిక్ అప్ యూ’ అని రాస్తే మా పై అధికారి ‘ఐ విల్ పిక్ యూ అప్’ అని దిద్దారు. అదే పద్ధతిలో ‘లుక్ ఇట్ ఆఫ్టర్’ అని రాయవచ్చా అని అడిగితే కూడదన్నారు గానీ, కారణం చెప్పలేదు. దీనికి సూత్రమేదైనా ఉందా, లేక బజారులో దొరికే జాబితాలను బట్టీ పట్టడమే మార్గమా? దయచేసి వివరించగలరు.

సమాధానం

మొదటి సందేహం తేలికగా తీరుతుంది. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడం, బ్రింగ్ ఫార్వర్డ్ అంటే అనుకున్న తేదీ కంటే ముందుకు జరపడం. ‘ద మీటింగ్ హాజ్ బీన్ పుట్ ఆఫ్ టిల్ థర్స్‌డే’ అని ఉంటే గురువారం మీరు హాజరు కావలసిందే. ‘కాల్డ్ ఆఫ్’ అని ఉంటే ఇక ఆ సమావేశం లేనట్టే. ముందుకు జరపడానికి మన దేశంలో ‘ప్రీపోన్’ అనే మాట బాగా చెల్లుతుంది గనుక ఇక్కడి కార్యాలయాల్లో రాసినా ఎవరూ తప్పు పట్టరు. విదేశీ ఖాతాదారులకు రాసేటప్పుడు మాత్రం బ్రింగ్ ఫార్వర్డ్ అనడమే మేలు. అమెరికా నుంచి వచ్చే ఈమెయిళ్లలో తేదీ విషయమై ‘పుష్ బ్యాక్’ అని కనిపిస్తే అదీ వాయిదాయే.

అసలైన చిక్కు రెండో సందేహంలో ఉంది. ఈ క్రియలు మనకు కొత్తవేమీ కావు. స్టేషన్ దగ్గర పికప్ చేసుకుంటాను, ఫోన్ స్విచాఫ్ చేశాడు, ముందు లాగిన్ అవ్వండి, బ్యాకప్ తీశారా అని పొద్దస్తమానం అంటూనే ఉంటాం. అయితే తెలుగులోకి వచ్చేటప్పుడు ఆ రెండు ముక్కలూ అతుక్కుపోయి ఒకే నామవాచకంగా మారిపోయాయి. క్రియ పని అంతా చేయు, అవు, తీయు అనే మన ధాతువులే చూసుకుంటున్నాయి. అందువల్ల తిరిగి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ అతుకు విడదీయడానికి మనకు చేయి రాదు. ‘స్విచ్ ఆఫ్ ఇట్’, ‘పిక్ అప్ యూ’ అనే రాతలకు ఈ అలవాటే చాలావరకు కారణమని నా అభిప్రాయం. ‘ఐ లాగిన్డ్ ఎస్టర్‌డే’, ‘డేటా ఈజ్ బ్యాకప్డ్’ అని రాసేవారు కూడా ఆ దారినే వెళ్తున్నారు. ఇంగ్లీషులో భూతకాల ప్రత్యయం మొదటి ముక్కకు చేరుతుంది గనుక ‘లాగ్డ్ ఇన్’, ‘బ్యాక్డ్ అప్’ అనాలి.

ఇక సూత్రం. స్విచ్ ఆఫ్, పిక్ అప్, పుట్ ఆఫ్, టర్న్ డౌన్ వంటి వాటికి కర్మపదం నామవాచకమైతే రెండు చోట్లా పెట్టవచ్చు: ‘స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్’, ‘స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్’ రెండూ సరైనవే. ఇట్, హిమ్, దెమ్, యూ వంటి సర్వనామమైతే మాత్రం నడుమనే ఉండాలి: ‘స్విచ్ ఇట్ ఆఫ్’ ఒక్కటే సరి. కర్మపదం మరీ పొడవైతే రెండు ముక్కలనూ కలిపి ఉంచి దానిని చివరకు నెట్టడం మంచిది. ‘షి టర్న్డ్ డౌన్ ది ఆఫర్ దట్ కేమ్ ఫ్రమ్ ద చెన్నై ఆఫీస్’ అన్న వాక్యంలో డౌన్‌ను చివరి వరకు ఆపితే చదివేవారు దాని కోసం వెతుక్కోవలసి వస్తుంది.

లుక్ ఆఫ్టర్ సంగతి వేరు. అక్కడ ఆఫ్టర్ అనేది వెనుక వచ్చే నామవాచకానికి చెందిన విభక్తి వంటిది. మన విభక్తి నామవాచకానికి తరువాత వస్తే, ఇంగ్లీషువారిది ముందు వస్తుంది. కాబట్టి దాన్ని దాటి వెనక్కి పోలేదు. ‘లుక్ ఆఫ్టర్ ఇట్’, ‘డీల్ విత్ ఇట్’, ‘లుక్ ఇన్‌టు ఇట్’ అనే అనాలి. ఏది ఏ జాతిదో తెలుసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. ‘హి రాన్ అప్ ఎ బిల్’ అంటే బిల్లు పెంచేశాడు అని. దీన్ని ‘హి రాన్ ఎ బిల్ అప్’ అని మార్చవచ్చు. ‘హి రాన్ అప్ ఎ హిల్’ అంటే కొండ మీదికి పరుగెత్తాడు అని. దీన్ని ‘హి రాన్ ఎ హిల్ అప్’ అని మార్చడం కుదరదు.

జాబితాలు బట్టీ పట్టమని నేను సలహా ఇవ్వను. అర్థం పక్కన రాసుకున్న జాబితా పరీక్ష హాలులో గుర్తుంటుందేమో గానీ, ఫోనులో మాట్లాడుతున్నప్పుడు నోటికి రాదు. కొత్త క్రియ కనిపించినప్పుడల్లా దాన్ని ‘ఇట్’తో కలిపి నోటుపుస్తకంలో రాసుకోండి: పుట్ ఇట్ ఆఫ్, ఫిల్ ఇట్ ఇన్, లుక్ ఆఫ్టర్ ఇట్, గెట్ ఓవర్ ఇట్. అర్థమూ స్థానమూ ఒక్కసారే అబ్బుతాయి.

మరొక సభ్యురాలి వ్యాఖ్య

చాలా ఉపయోగకరంగా వివరించారు. ఇంగ్లండులో ఉద్యోగ దరఖాస్తులు చూసే పనిలో ఉన్నందున ఒక విషయం చేర్చదలిచాను. మనవారు రెజ్యూమెలో ‘2018 పాస్డ్ అవుట్’ అని రాస్తారు. సైనిక, పోలీసు శిక్షణ ముగింపులో ‘పాసింగ్ అవుట్ పరేడ్’ అన్న వాడుక ఉన్న మాట నిజమే గానీ, ఇక్కడి సామాన్య పాఠకుడికి పాస్ అవుట్ అంటే ముందు స్ఫురించేది స్పృహ తప్పి పడిపోవడం. ‘గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2018’ అని రాస్తే గొడవే ఉండదు. అలాగే ‘కోప్ అప్ విత్’ అనే క్రియ లేదు, ‘కోప్ విత్’ మాత్రమే. కీప్ అప్ విత్, పుట్ అప్ విత్ అనేవి ఉన్నాయి గనుక వాటి చూపున ఆ అప్ ఇక్కడికీ వచ్చి చేరి ఉంటుంది.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘ఇట్’తో రాసుకునే పద్ధతి ఈ రోజు నుంచే మొదలుపెడతాను. ఇంకొక్క మాట: అప్ అంటే పైకి అనుకుంటే ‘ఈట్ అప్’, ‘యూజ్ అప్’ అనే వాటిలో పైకి వెళ్లేదేముంది? ఆఫీసు ఉత్తరాల్లో ఇటువంటి క్రియలు వాడటం మర్యాదేనా? కింది మూడు వాక్యాలు కూడా కాస్త చూడగలరు.

‘వీ ఆర్ లుకింగ్ ఫార్వర్డ్ టు రిసీవ్ ద పేమెంట్.’
‘ద లారీ రాన్ అవుట్ డీజిల్ నియర్ సూర్యాపేట.’
‘ద పార్టీ హాజ్ నాట్ పెయిడ్, ప్లీజ్ టేక్ అప్ ఇట్ విత్ దెమ్.’

సమాధానం

ఈట్ అప్‌లోని అప్ దిక్కును చెప్పదు, పని పూర్తికావడాన్ని చెబుతుంది. తిను అనడానికీ తినెయ్యి అనడానికీ మనకున్న తేడా వంటిదే అది. వాడెయ్యి, తాగెయ్యి అన్నవాటికి యూజ్ అప్, డ్రింక్ అప్ దాదాపు సరిపోతాయి. అన్ని క్రియలకూ ఇలా తర్కం కుదరదు. గివ్ అప్ అంటే మానుకోవడం, గివ్ ఇన్ అంటే లొంగిపోవడం ఎందుకయ్యాయో అప్, ఇన్‌లను ఎంత తరచి చూసినా తేలదు. 1755లో వచ్చిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు ముందుమాటలోనే ఈ రకం క్రియలు పరదేశీయులకు అతి కష్టమైనవని ఉంది, కాబట్టి ఈ అవస్థ మన ఒక్కరిదే కాదు.

ఉత్తరాల సంగతికి వస్తే, రోజువారీ ఈమెయిళ్లలో వీటిని నిస్సంకోచంగా వాడవచ్చు. ఒప్పంద పత్రాల్లో, ఫిర్యాదులకు అధికారికంగా ఇచ్చే జవాబుల్లో, పరీక్షల్లో రాసే వ్యాసాల్లో మాత్రం పుట్ ఆఫ్‌కు బదులు పోస్ట్‌పోన్, లుక్ ఇన్‌టుకు బదులు ఇన్వెస్టిగేట్ వంటి ఒంటి మాటలు హుందాగా ఉంటాయి. ఫోనులో మాట్లాడేటప్పుడు ఇవే మాటలు కాస్త బిగుసుకున్నట్టు వినిపిస్తాయి.

మీ మొదటి వాక్యంలో ‘టు రిసీవింగ్’ అని ఉండాలి. అక్కడి టు విభక్తి వంటిదే గనుక దాని వెనుక క్రియ ఇంగ్ రూపంలో రావాలి. రెండో వాక్యంలో ‘రాన్ అవుట్ ఆఫ్ డీజిల్’ అనాలి. ఈ క్రియకు మూడు ముక్కలు, ఆ వరుసలో నడుమ మరే మాటా దూరదు. మూడోది మీరు ఇప్పటికే దిద్దుకోగలరు: ‘ప్లీజ్ టేక్ ఇట్ అప్ విత్ దెమ్.’ ఇందులో ఇట్ నడుమకు వెళ్లింది, విత్ మాత్రం దెమ్‌కు ముందే ఉండిపోయింది.