ఏసీని 26 డిగ్రీల వద్ద పెట్టమనడం అందరికీ సరిపోయే సలహాయేనా?

పై అంతస్తు (చర్చ ప్రారంభం; ఇక్కడి పేర్లన్నీ చర్చలో పాల్గొన్నవారి మారుపేర్లు):

ఏసీలో ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ విద్యుత్తు ఖర్చు సుమారు 6 శాతం తగ్గుతుందని భారతదేశపు ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలవ్వాలన్న నిబంధన 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. జపాన్ ప్రభుత్వమైతే 2005లోనే కూల్ బిజ్ పేరుతో కార్యాలయాల్లో 28 డిగ్రీలు పాటించమని కోరింది. ఆదా లేదని నేను అనడం లేదు. ఆదా కోసం 26 పెట్టమని ఒకే అంకెను అన్ని ఇళ్లకూ చెప్పడం మీదే నా అభ్యంతరం. పగలంతా ఎండకు కాగిన స్లాబు కింద పడుకునేవారికి గదిలో గాలి 26 డిగ్రీలే ఉన్నా ఉక్కగానే ఉంటుంది, ఎందుకంటే రాత్రి తొమ్మిదింటికి కూడా పైకప్పుకు చేయి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది, ఆ కప్పు వేడి, గదిలోని గాలితో సంబంధం లేకుండా నేరుగా ఒంటి మీదికి ప్రసరిస్తుంది. రిమోట్ మీది అంకె గాలి సంగతి చెబుతుందే తప్ప ఈ వేడి సంగతి చెప్పదు.

మీటర్ రీడింగ్:

మీరు చెప్పిన స్లాబు వేడి నిజమే. అయితే ముందుగా ఆ 6 శాతం ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం, ఎందుకంటే దాన్ని మార్పులేని అంకెగా తీసుకోవడం వల్లనే ఈ విషయంలో సగం వాదనలు పుడుతున్నాయి.

గోడలు, కిటికీల గుండా లోపలికి వచ్చే వేడి బయటి ఉష్ణోగ్రతకూ లోపలి ఉష్ణోగ్రతకూ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. బయట 40, లోపల 24 ఉంటే తేడా 16 డిగ్రీలు. దాన్ని 25 చేస్తే తేడా 15 అవుతుంది, అంటే పదహారో వంతు, సుమారు 6 శాతం తగ్గినట్టు. అదే బయట 30 డిగ్రీలున్న రాత్రి 24ను 25 చేస్తే తేడా 6 నుంచి 5కు, అంటే ఆరో వంతు తగ్గుతుంది. దీనికి తోడు, గాలిని చల్లబరిచే లోపలి కాయిల్ మరీ చల్లబడనవసరం లేనప్పుడు కంప్రెసర్ మీద భారం తగ్గి, అదే చల్లదనాన్ని తక్కువ విద్యుత్తుతో ఇస్తుంది. కిటికీలోంచి పడే ఎండ, గదిలోని మనుషులు, నడుస్తున్న యంత్రాలు ఇచ్చే వేడి మాత్రం మనం ఏ డిగ్రీ పెట్టినా తగ్గదు. అందువల్ల ఎండ సూటిగా పడే గదిలో ఆదా శాతం తక్కువగానూ, నీడగా ఉన్న గదిలో ఎక్కువగానూ కనిపిస్తుంది. మీ గది ఎంత ఆదా చేస్తుందన్నది వేరే సంగతి, ఆదా ఉందన్నది మాత్రం వివాదం లేని విషయం.

రాత్రి డ్యూటీ:

పగలు నిద్రపోవలసిన నాలాంటివారి వైపు నుంచి రెండు మాటలు. మొదటిది, ముందు 18 పెట్టి గది త్వరగా చల్లబడ్డాక పెంచుకుంటే తప్పేమిటి? రెండోది, 27 పెడితే నాకు వేడి కంటే జిగటే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. దుప్పటి కూడా తడి తగిలినట్టుంటుంది. దీనికి అంకెలతో సమాధానం దొరుకుతుందా?

మీటర్ రీడింగ్:

మొదటిదానికి సమాధానం తేలిక. పాత రకం ఏసీలో కంప్రెసర్‌కు ఒకే వేగం ఉంటుంది, 18 పెట్టినా 26 పెట్టినా గదిని చల్లబరిచే వేగం మారదు, ఎప్పుడు ఆగాలన్నదే మారుతుంది. కంప్రెసర్ వేగం మారుతూ ఉండే ఇన్వర్టర్ ఏసీలో గది వేడికీ పెట్టిన అంకెకూ తేడా ఎక్కువ ఉంటే కంప్రెసర్ ఎక్కువసేపు గరిష్ఠ వేగంతో తిరుగుతుంది, కానీ తిరిగి పెంచడం మరచి నిద్రపోతే ఆ రాత్రంతా విద్యుత్తు వృథా అవుతుంది.

రెండోది అసలైన ప్రశ్న. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, కాయిల్ మీద తేమను నీరుగా మార్చి బయటికి పంపుతుంది కూడా. సెట్టింగు పెంచితే కంప్రెసర్ ఆగి ఉండే సమయం పెరుగుతుంది, లోపలి ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటే కాయిల్‌కు అంటుకున్న నీరు మళ్లీ ఆవిరై గదిలోకే వస్తుంది. మీ దుప్పటి తడిగా తోచడానికి ఇదొక కారణం కావచ్చు. గదికి అవసరమైనదానికంటే పెద్ద ఏసీ పెట్టిన చోట ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అది వేడిని తొందరగా తగ్గించి, తేమను లాగేంత సమయం దొరకకముందే ఆగిపోతుంది. తేమను తగ్గించడానికే ఉన్న డ్రై మోడ్ వాడి చూడండి, లోపలి ఫ్యాను వేగం తగ్గించండి, తలుపు కింది సందు మూయండి.

సాయంత్రపు గాలి:

ఇంతసేపూ ఎవరూ సీలింగ్ ఫ్యాను ఊసెత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మనకు హాయిగా ఉండడం అనేది గాలి ఉష్ణోగ్రత ఒక్కదాని మీదే ఆధారపడదు. చుట్టూ ఉన్న గోడల వేడి, గాలి కదలిక, తేమ, వేసుకున్న బట్టలు, చేస్తున్న పని అన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో అతి చవకగా మార్చుకోగలిగింది గాలి కదలిక. ఏసీని 27 వద్ద పెట్టి ఫ్యాను వేసుకుంటే గది 4 డిగ్రీలు చల్లగా ఉన్నట్టు అనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వేసవి సూచనల్లో చెబుతోంది. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు, తక్కువ విద్యుత్తుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దాకా తీసుకుంటాయి. టన్నున్నర ఏసీ పూర్తి భారంతో నడిచేటప్పుడు తీసుకునేది 1,500 వాట్లకు అటూఇటుగా ఉంటుంది. అందుకే ఫ్యాను లేకుండా 26 పెట్టమనే సలహా నా దృష్టిలో సగం సలహాయే, దాన్ని విని ఇబ్బంది పడినవారు మళ్లీ 20కి వెళ్లిపోవడంలో వింత లేదు. గదిలో ఎవరూ లేనప్పుడు మాత్రం ఫ్యానును ఆపేయాలి, అది గాలిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆరబెడుతుందంతే.

పై అంతస్తు:

ఫ్యాను విషయం ఒప్పుకుంటున్నాను, తేమ గురించిన వివరణ కూడా బాగుంది. అయినా ఒక్క చోట నేను కదలను. ముసలివారికి, పసిపిల్లలకు, చెమట తగ్గించే మందులు వాడేవారికి శరీరం వేడిని వదిలించుకునే శక్తి తక్కువ, వారున్న గదిలో మీటరును చూసి డిగ్రీ నిర్ణయించకూడదు. అలాగే పైకప్పు మీద తెల్లని పూత వేయమని, ఎండ పడే కిటికీకి బయటివైపు నీడ కల్పించమని చెప్పకుండా రిమోట్ గురించి మాత్రమే చెప్పడం న్యాయం కాదు. అద్దెకుండేవారి చేతిలో ఆ పైకప్పు ఉండదు కూడా.

మీటర్ రీడింగ్:

ఆ గదుల విషయంలో మీతో నాకు విభేదం లేదు. మిగతావారు ఒక పని చేయవచ్చు. ఏసీలోని సెన్సారు సాధారణంగా పైనున్న యంత్రంలోనే ఉండి, అక్కడికి చేరే గాలినే కొలుస్తుంది. కాబట్టి మంచం పక్కన ఒక చిన్న థర్మామీటరు పెట్టి, పగటి ఎండ తీవ్రత ఒకేలా ఉన్న రోజుల రాత్రుల్లో ఫ్యానుతో 24 ఒకసారి, 26 ఒకసారి పెట్టి, పడుకునే ముందూ లేచాకా మీటరు చూసి రాసుకోండి. పై అంతస్తువారి అంకెలు, కింది అంతస్తువారి అంకెలు రెండూ ఇక్కడ పెడితే, స్లాబు వాటా ఎంతో మనకే కనబడుతుంది.