షేరు పాస్‌వర్డును స్క్రిప్టులో రాయవచ్చా, వేరే ఫైలులో ఉంచాలా?

సందేహి:
మా కార్యాలయంలోని ఒక లినక్స్ యంత్రం ప్రతి రాత్రీ విండోస్ సర్వరులోని షేరును (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డరును) మౌంట్ చేసుకొని, అంటే తన ఫోల్డరులా కలుపుకొని, అందులోని ఫైళ్లకు బ్యాకప్ తీస్తుంది. క్రాన్ (నిర్ణీత సమయానికి పనులను తనంతట తానే మొదలుపెట్టే ప్రోగ్రాం) నడిపే ఆ స్క్రిప్టులో, మౌంట్ కమాండు వరుసలోనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాసి ఉన్నాయి. వాటిని క్రెడెన్షియల్స్ ఫైలుకు (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మాత్రమే ఉండే విడి ఫైలుకు) మార్చాలని ఒకరు, అందులోనూ పాస్‌వర్డ్ బాహాటంగానే ఉంటుంది కాబట్టి తేడా లేదని ఇంకొకరు వాదిస్తున్నారు. నిజంగా తేడా ఉందా?

పాత సర్వరు:
ఉంది, చాలా ఉంది. కమాండు వరుసలో రాసినదంతా, అది నడుస్తున్నంతసేపూ, ప్రాక్ డైరెక్టరీలో (నడుస్తున్న ప్రోగ్రాముల, అంటే ప్రాసెస్‌ల, వివరాలు చూపే చోట) ఆ ప్రాసెస్‌కు చెందిన సీఎండీలైన్ ఫైలులో కనిపిస్తుంది. మామూలు అమరికలో దానిని ఆ యంత్రంలోని ఏ యూజరైనా చదవగలడు, ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్ కమాండు చూపేదీ దానినే. సర్వరు నెమ్మదిగా స్పందించే రోజున మౌంట్ కొన్ని సెకన్లు నిలిచిపోతే అంతసేపూ పాస్‌వర్డ్ అందరి ఎదుటా ఉన్నట్లే. ఎస్‌ఎంబీ క్లయింట్ (మౌంట్ చేయకుండానే షేరులోని ఫైళ్లను తెచ్చే కమాండు) మొదలైన వెంటనే తన వరుసలోని పాస్‌వర్డును చెరిపేస్తుంది గాని, ఆ లోపలి క్షణాన్నీ, చేత్తో టైపు చేసినప్పుడు బాష్ హిస్టరీలో (టైపు చేసిన కమాండులను దాచుకునే జాబితాలో) మిగిలేదాన్నీ అది చెరపలేదు.

విండోస్‌లోనూ ఇదే కథ. షేరును కలిపే నెట్ యూజ్ కమాండులో పాస్‌వర్డ్ ఇచ్చారనుకోండి. కొత్త ప్రాసెస్‌ల కమాండు వరుసను నమోదు చేసే ఆడిట్ ఆన్ చేసి ఉంటే, అది 4688 ఈవెంటుగా సెక్యూరిటీ లాగ్‌లోకి చేరి, అక్కడి నుంచి లాగ్‌లన్నిటినీ సేకరించే సర్వరుకూ వెళ్తుంది. పాస్‌వర్డ్ స్థానంలో నక్షత్రం గుర్తు పెడితే అది పాస్‌వర్డును విడిగా అడుగుతుంది, కాని రాత్రి నడిచే స్క్రిప్టుకు జవాబు చెప్పేవారెవరు?

క్రెడెన్షియల్స్ ఫైలును రూట్ (లినక్స్‌లో సర్వాధికారాలున్న ఖాతా) పేరున ఉంచి 600 అనుమతి (సొంతదారు మాత్రమే చదివి రాయగల అమరిక) ఇస్తే రూట్ తప్ప వేరే యూజర్ చదవలేడు. పాస్‌వర్డులో కామా ఉంటే కమాండు వరుసలో మౌంట్ విఫలమవుతుంది, ఫైలులో ఆ ఇబ్బందీ లేదు.

కెర్బరోస్ పక్షం:
అనుమతులు యంత్రం నడుస్తున్నంతవరకే కాపలా కాస్తాయి. ఆ ఫైలు ఈటీసీ డైరెక్టరీ (అమరికల ఫైళ్లుండే చోటు) బ్యాకప్‌లోకి, వర్చువల్ మెషీన్ స్నాప్‌షాట్‌లోకి (మొత్తం యంత్రపు నకలులోకి), ఎవరో తెలియక చేర్చితే గిట్ రిపాజిటరీలోకి (కోడ్ దాచే చోటికి) వెళ్లినప్పుడు 600 అంకె దేనినీ ఆపదు. యాక్టివ్ డైరెక్టరీ (సంస్థలోని ఖాతాలను, యంత్రాలను ఒక డొమైన్‌గా చేర్చి నిర్వహించే విండోస్ వ్యవస్థ) ఉన్నచోట కెర్బరోస్‌తో (పాస్‌వర్డుకు బదులు కొద్దిసేపు చెల్లే టికెట్ చూపే పద్ధతితో) మౌంట్ చేయడమే సరైన పద్ధతి. టికెట్ గడువు సాధారణంగా పది గంటలు, పాస్‌వర్డ్ ఎక్కడా రాయనక్కరలేదు.

పాత సర్వరు:
మనిషి కూర్చొని లాగిన్ అయ్యేచోట మీతో ఏకీభవిస్తాను. క్రాన్‌కు మాత్రం కీట్యాబ్ (పాస్‌వర్డ్ నుంచి తయారైన కీలు ఉండేది) కావాలి, అదీ ఫైలే. దానిని కాపీ చేసుకున్నవాడు పాస్‌వర్డ్ మారేదాకా టికెట్లు తీసుకుంటూనే ఉంటాడు. పైగా అందులో ఆర్‌సీ4 అనే పాత ఎన్‌క్రిప్షన్ రకం కీ ఉంటే, అది ఉప్పు (హ్యాష్ చేసేముందు కలిపే అదనపు అక్షరాలు) కలపని ఎన్‌టీ హ్యాషే, అంటే విండోస్ పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన విలువే. ఏఈఎస్ అనే మరింత బలమైన రకం కీలు మాత్రమే ఉంచితే అసలు పాస్‌వర్డును వెనక్కి రాబట్టడం కష్టం, అంతవరకు మీ మాట నిజం.

బాటసారి:
ఇంత చర్చ దేనికి? ఆ ఫైలును ఎన్‌క్రిప్ట్ చేస్తే సరిపోదా?

కెర్బరోస్ పక్షం:
స్క్రిప్టు తనంతట తాను విప్పుకోవాలంటే విప్పే కీ కూడా ఆ యంత్రంలోనే ఉండాలి. తాళం వేసి చెవిని గుమ్మానికే తగిలించినట్లవుతుంది. ఇలాగే విండోస్‌లో డొమైన్ యంత్రాలన్నిటికీ అమరికలు పంపే గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో డ్రైవ్ మ్యాపింగ్ (షేరును డ్రైవ్‌గా కలిపే) పాస్‌వర్డులను ఏఈఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, డొమైన్‌లోని యూజర్లందరూ చదవగల సిస్‌వాల్ ఫోల్డరులో పెట్టేవారు. ఆ కీని మైక్రోసాఫ్టే తన డాక్యుమెంటేషన్‌లో ప్రచురించింది. 2014 మేలో వచ్చిన ఎంఎస్14-025 అప్‌డేట్ కొత్తగా అలా పాస్‌వర్డులు పెట్టడాన్ని ఆపింది గాని, అప్పటికే పెట్టి ఉన్నవాటిని తొలగించలేదు.

సందేహి:
మా సర్వరు డొమైన్‌లో లేదు, కాబట్టి కెర్బరోస్ ఇప్పట్లో కుదరదు. ఫైలు పద్ధతికి మారుతున్నాను.

పాత సర్వరు:
అయితే అడ్మిన్ ఖాతా వాడకండి. ఆ ఒక్క షేరును చదవడానికి మాత్రమే హక్కున్న ఖాతాను కొత్తగా తెరవండి. బ్యాకప్‌కు రాసే హక్కుతో పనిలేదు.

కెర్బరోస్ పక్షం:
పాత పాస్‌వర్డును కూడా ఈ రోజే మార్చండి. స్క్రిప్టులోంచి తీసేసినంత మాత్రాన పాత బ్యాకప్‌లలోని స్క్రిప్టు నకళ్లలోంచి అది పోదు.