పాత పెళ్లి క్యాసెట్‌ను డీవీడీ చేస్తే టీవీ నిండా రావాలా, పక్కన నల్ల పట్టీలు ఉండాలా?

మిర్యాలగూడ తమ్ముడు:
మా ఇంట్లో రెండు రోజులుగా ఒకటే వాదన. మా అక్క పెళ్లి 1997లో అయింది. ఆ వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ను మొన్న ఒక షాపులో ఇచ్చి డీవీడీ చేయించాం. టీవీలో పెడితే అందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. మా నాయన బక్కపలుచని మనిషి. ఆయన పోయి ఆరేండ్లు. అమ్మ టీవీ దగ్గరికి పోయి చూసి "మీ నాయన ఇట్ల లేకుండె గదరా" అని లోపలికి వెళ్లిపోయింది. షాపులో అడిగితే, టీవీ నిండా రావాలంటే అంతే అన్నారు. లేదంటే రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయట. అంత పెద్ద టీవీ కొని పక్కలు ఖాళీగా చూడాలా అని బావ అంటున్నాడు. ఏది చేయాలి?

పాలమూరు స్టూడియో:
తమ్ముడూ, సాగదీయడం తప్పు. ఇందులో నాకు రెండో మాట లేదు. ఆ రోజుల్లో మేం తీసిన పెళ్లిళ్లన్నీ 4:3 బొమ్మే, అంటే నాలుగు వెడల్పుకు మూడు ఎత్తు. దాన్ని ఇప్పటి వెడల్పాటి 16:9 టీవీ నిండా లాగితే ప్రతి మనిషీ వెడల్పులో మూడో వంతు పెరుగుతాడు. మీ అమ్మగారు చూసింది అదే.

అయితే టెన్షన్ పడకు, ఆ డిస్క్ పాడైపోలేదు. మన దగ్గర వాడే పాల్ అనే టీవీ పద్ధతి డీవీడీలో బొమ్మ 4:3 అయినా 16:9 అయినా డిస్క్ మీద ఉండేది 720x576 చుక్కలే. ఎంత వెడల్పుగా చూపాలో చెప్పే గుర్తు ఒకటి విడిగా ఉంటుంది. నీ డిస్క్‌లో 16:9 అన్న గుర్తు పడి ఉండొచ్చు. లేదా డిస్క్ సరిగ్గానే ఉండి టీవీయే లాగుతుండొచ్చు. ముందు టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజ్ 4:3 పెట్టి చూడు. తర్వాత డీవీడీ ప్లేయర్ సెటప్‌లో టీవీ టైప్ చూడు. కంప్యూటర్‌లో అయితే వీఎల్‌సీ ప్లేయర్‌లో వేసి ఇంగ్లిష్ "ఏ" మీట నొక్కుతూ పో, కొలతలు మారుతుంటాయి. 4:3 దగ్గర నాయన మామూలుగా కనిపిస్తే మళ్లీ క్యాసెట్ ఎక్కించే పనే లేదు. గుర్తు 16:9 అని ఉంటే, డిస్క్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఐఫోఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని 4:3గా మార్చి, కొత్త డిస్క్ బర్న్ చేస్తే చాలు.

సూర్యాపేట వదిన:
అన్నా, సాగదీయొద్దన్న మాట ఒప్పుకుంటా. కానీ నల్ల పట్టీలే సరైనవి అంటే ఒప్పుకోను. మా అత్తమ్మకు డెబ్బై ఏండ్లు. పట్టీలు కనిపిస్తే టీవీ చెడిపోయిందని కట్టేస్తుంది. చూసేది ఇంట్లోవాళ్లే కదా, వాళ్లకు నచ్చేటట్టు ఉండొద్దా? పైనా కిందా కొంచెం కట్ చేస్తే మనుషులు లావు కారు, టీవీ నిండుగా వస్తుంది. మేం మా గృహప్రవేశం వీడియో అట్లనే చేయించాం, బాగుంది.

దేవరకొండ చిన్నోడు:
వదినా, ఆ కొంచెం ఎంతో తెలుసా? ఎత్తులో నాలుగో వంతు. 576 గీతల్లో మిగిలేది 432. గృహప్రవేశంలో తెలియకపోవచ్చు. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టేది తలమీద, మట్టెలు తొడిగేది కాళ్లకు. రెండూ అంచుల్లోనే ఉంటాయి. మా ఇంట్లో బతుకమ్మ వీడియో అట్ల కట్ చేయించి నష్టపోయాం. మా నాయనమ్మ పేర్చిన పెద్ద బతుకమ్మ మీది గౌరమ్మ కనిపించకుండా పోయింది. అసలు క్యాసెట్‌కు బూజు పట్టింది, ఇప్పుడు మళ్లీ తీసుకునే దారి లేదు.

పాలమూరు స్టూడియో:
నేను చెప్పాలనుకున్నదీ ఇదే. 4:3లో ఉన్న డిస్క్‌ను రిమోట్‌లో జూమ్ నొక్కి ఎవరైనా నిండుగా చూసుకోవచ్చు. కట్ చేసిన డిస్క్‌లో తల తిరిగి రాదు. ఇంకో మాట: కొందరు పట్టీలను బొమ్మలోనే కలిపి 16:9 డిస్క్ చేస్తారు. అప్పుడు 720లో బొమ్మకు దక్కేది 540 చుక్కలే. పాత పెట్టె టీవీలో వేస్తే నాలుగు పక్కలా నలుపు వచ్చి బొమ్మ కిటికీ అంత అవుతుంది. 4:3 గుర్తుతోనే చేయమని గట్టిగా అడగండి. ఈమధ్య ఫోన్‌లో తీసినవి అదే డిస్క్‌లో చేర్చాలంటే వాటికి వేరే టైటిల్ సెట్ (డిస్క్‌లో వీడియోల విడి భాగం) పెట్టి 16:9 గుర్తు ఇవ్వమనండి. ఒక టైటిల్ సెట్‌కు ఒకటే కొలత ఉంటుంది.

సూర్యాపేట వదిన:
గౌరమ్మ సంగతి విని మనసు చివుక్కుమన్నది తమ్ముడూ. పెళ్లి మొత్తాన్ని కట్ చేయొద్దు, సరే. కానీ అత్తమ్మ రిమోట్‌లో జూమ్ వెతికి నొక్కలేదు. అసలు డిస్క్ అట్లనే ఉంచి, తలలు తెగని సీన్లు ఏరి అరగంట డిస్క్ ఇంకోటి నిండుగా చేయించుకుంటే తప్పేముంది? పెద్దవాళ్లు మూడు గంటలు ఎట్లాగూ కూర్చోరు.

దేవరకొండ చిన్నోడు:
రెండో డిస్క్‌గా అయితే నాకు అభ్యంతరం లేదు. అసలుదాని మీద మాత్రం చెయ్యి పెట్టొద్దు.

మిర్యాలగూడ తమ్ముడు:
రిమోట్‌లో 4:3 పెట్టగానే సరిగ్గా వచ్చింది! అక్క గాజులు గుండ్రంగా ఉన్నాయి, అప్పగింతల దగ్గర నాయన నాయన లెక్కనే ఉన్నాడు. కానీ ఈ టీవీలో టీవీ చానళ్లు పెట్టిన ప్రతిసారీ మళ్లీ మార్చాలి. అందుకే డిస్క్‌లో 16:9 గుర్తే ఉంటే ఆదివారం దాన్ని మార్చి కొత్త డిస్క్ చేస్తా. బావకు నల్ల పట్టీలు ఇంకా నచ్చలేదు, ఆయనకు వదిన చెప్పినట్టు అరగంటది ఒకటి చేసిస్తా. ఒక డౌట్: బొమ్మ అడుగున సన్నగా గీతలు అల్లాడుతున్నాయి. అవీ ఆ గుర్తు వల్లేనా?

పాలమూరు స్టూడియో:
కాదు, అది వీహెచ్‌ఎస్‌లో టేపు చదివే హెడ్డు ఒకటి నుంచి ఇంకోదానికి మారే చోటు. పాత టీవీలు అంచులు దాచేవి కాబట్టి అప్పుడు కనిపించలేదు. దాన్ని కోయకు, ఆ కొద్ది గీతల మీద నలుపు కప్పు. కప్పాలంటే మాత్రం వీడియో మొత్తాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయాలి, అంటే కొత్తగా తయారు చేయాలి. అమ్మకు ఇబ్బంది లేకపోతే అట్లనే వదిలెయ్.