మారుతి 800 కార్బరేటర్ మోడల్: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు

తుంగభద్ర800 (ప్రశ్న)

కారు 1996 మారుతి 800. కార్బరేటర్ మోడల్, చేత్తో లాగే చోక్. నాలుగు నెలలుగా షెడ్డులో కదలకుండా ఉంది. టాంకీలో పావు వంతు పాత పెట్రోల్ ఉంటే దాని మీద ఐదు లీటర్లు కొత్తది పోశాం.

బ్యాటరీ బాగుంది, సెల్ఫ్ కొడితే ఇంజిన్ చురుగ్గానే తిరుగుతోంది, కానీ అందుకోవడం లేదు. ప్లగ్గులు ఊడదీస్తే మూడూ పొడిగా ఉన్నాయి, పెట్రోల్ వాసన కూడా లేదు. బాడీకి ఆనించి చూస్తే నిప్పురవ్వ నీలంగా పడుతోంది. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి కార్బరేటర్ గొంతులో కొంచెం పెట్రోల్ పోస్తే రెండు మూడు సెకన్లు నడిచి ఆగిపోతోంది.

ఇక్కడి మెకానిక్ కార్బరేటర్ మొత్తం మార్చేయమంటున్నాడు. ఇంకొకరు ఏసీ పంపు (టాంకీ నుంచి పెట్రోల్ లాగే పంపు) పోయిందంటున్నారు. దేనికి డబ్బు పెట్టాలో తేల్చుకునే దారి చెప్పండి.

గోదావరిగట్టు

ఇప్పుడే ఏదీ కొనకండి. గొంతులో పెట్రోల్ పోస్తే నడిచిందంటే కంప్రెషన్, టైమింగ్, కరెంటు మూడూ పనిచేస్తున్నట్టే. ప్లగ్గులు పొడిగా ఉన్నాయంటే పెట్రోల్ సిలిండర్ దాకా రావడం లేదు. టాంకీ నుంచి జెట్టు (కార్బరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం) దాకా ఉన్న దారిలో ఎక్కడ ఆగిందో కార్బరేటర్ వైపు నుంచి వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. పరీక్ష చేసిన ప్రతిసారీ వెతకాల్సిన దారి సగానికి తగ్గుతుంది.

గొంతులో పోసేటప్పుడు సీసాతో వంపకండి. 5 మి.లీ. సిరంజితో కొలిచి పోసి, ఎయిర్ ఫిల్టర్ మూత మళ్లీ పెట్టి బిగించాకే సెల్ఫ్ కొట్టండి. ఎదురు పేలితే మంట గొంతులోంచి పైకి లేస్తుంది. ఎవరూ బానెట్ మీదికి వంగి ఉండకూడదు. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి.

మొదటి పరీక్షకి పనిముట్లేవీ అక్కర్లేదు. కార్బరేటర్ ఫ్లోట్ గది (పెట్రోల్ నిలవ ఉండే చిన్న గిన్నె) పక్కన చిన్న గుండ్రటి అద్దం ఉంటుంది. పెట్రోల్ మట్టం దాని మధ్యలో కనపడాలి. అద్దం పసుపెక్కి కనపడకపోతే టార్చి పక్కనుంచి వేసి కారుని కొంచెం ఊపండి, మట్టం కదులుతుంది. తర్వాత ఇంజిన్ ఆపి ఉంచే గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లివర్‌ని చేత్తో తిప్పండి. సన్నని ధార చిమ్మాలి. అద్దంలో మట్టం ఉండి ధార లేదంటే యాక్సిలరేటర్ పంపు (కార్బరేటర్‌లోనే ఉండి ఈ ధార చిమ్మేది) డయాఫ్రమ్, అంటే లోపలి రబ్బరు పొర, చిరిగింది, లేదా ఆ దారి మూసుకుపోయింది. మట్టమూ లేదు, ధారా లేదంటే కార్బరేటర్‌కి పెట్రోల్ చేరడం లేదు, లేదా చేరినా లోపలికి దిగడం లేదు.

ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి పంపు నుంచి కార్బరేటర్‌కి వెళ్లే గొట్టాన్ని కార్బరేటర్ దగ్గర ఊడదీయండి. దాని కొసని వెడల్పు మూతి గాజు సీసాలో పెట్టి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి దూరంగా ఒకరు పట్టుకోవాలి. ఇగ్నిషన్ కాయిల్ మీది సన్న వైరు ఊడదీయడం మరవొద్దు, పెట్రోల్ బయట ఉన్నప్పుడు నిప్పురవ్వ పుట్టకూడదు. పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఈ పంపు క్యామ్ (ఇంజిన్ లోపల తిరిగే కడ్డీ మీది ఉబ్బు) నెడితే నడిచేది కాబట్టి ఇంజిన్ రెండు చుట్లకి ఒక పోటు వస్తుంది. సెల్ఫ్ మీద పది సెకన్లకి ఇంచుమించు పదిహేను పోట్లు. ప్రతి పోటుకీ బలంగా చిమ్మి, టీ గ్లాసులో సగం దాకా రావాలి. అంత వస్తోందంటే పంపు, వెనక దారి రెండూ బాగున్నాయి, తప్పు ఫ్లోట్ పిన్ను (గదిలోకి పెట్రోల్ దారి తెరిచి మూసే సూది) దగ్గర. సెల్ఫ్‌ని పది సెకన్లకి మించి కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం ఆపండి.

సెల్ఫ్ కొట్టేముందే ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ పలచబడి పెట్రోల్ వాసన వస్తోందంటే, మట్టం గీత దాటిందంటే పంపు డయాఫ్రమ్ చిరిగి పెట్రోల్ లోపలికి కారుతోందని అర్థం. అలాగైతే పంపూ ఆయిలూ మార్చేదాకా ఇంజిన్ తిప్పకూడదు, పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు అరిగిపోతాయి.

జెట్టునంబర్

పైన చెప్పిన వరసే సరైనది. ఫ్లోట్ పిన్ను గురించి ఇంకొంచెం.

నెలల తరబడి నిలిచిన కార్లలో ఫ్లోట్ గదిలోని పెట్రోల్ ఆవిరైపోయి అడుగున జిగురులా అంటుకుంటుంది. తేలిగ్గా మండే భాగం ముందు ఎగిరిపోతుంది, బరువైనది మిగిలి గట్టిపడుతుంది. ఆ జిగురుకి పిన్ను తన సీటులోనే అతుక్కుపోతుంది. పంపు బాగా నెడుతున్నా గది నిండదు. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో ఫ్లోట్ గది పైన, గొట్టం వచ్చే చోట మెల్లగా తట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టి అద్దం చూడండి. మట్టం లేచిందంటే దొరికింది. అయినా కార్బరేటర్ విప్పి కడగాల్సిందే, ఒకసారి అతుక్కున్న పిన్ను మళ్లీ అతుక్కుంటుంది.

కడిగేటప్పుడు జెట్టుల్లో తీగ దూర్చొద్దు. ఇత్తడి మెత్తన. తీగ గీసుకుంటే రంధ్రం పెద్దదై మైలేజీ పోతుంది, పొగ మిగులుతుంది. కార్బ్ క్లీనర్ కొట్టి, గాలి పట్టండి. కొట్టేముందు రబ్బరు భాగాలన్నీ తీసేయండి, అవి ఉబ్బిపోతాయి.

ఒక్క మాట, కార్బరేటర్ మీద వైరు వచ్చే సొలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వు) మీద అనుమానం పెట్టుకోకండి. తాళం ఆన్ చేస్తే అది టిక్కుమనాలి, అననప్పుడు స్లో దారి (రేస్ ఇవ్వనప్పుడు పెట్రోల్ వెళ్లేది) మూసుకుపోతుంది. అప్పుడు రేస్ ఇస్తే నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఫ్లోట్ గది ఖాళీ అవదు, ధార ఆగదు. మీ కారు లక్షణం అది కాదు.

తుంగభద్ర800

చేసి చూశాం. అద్దంలో మట్టం లేదు. లివర్ తిప్పితే ధార లేదు. ఆయిల్‌లో పెట్రోల్ వాసన లేదు, మట్టం సరిగ్గా ఉంది. గొట్టం సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే మొదటి రెండు మూడు పోట్లకి కొంచెం పెట్రోల్ వచ్చింది, తర్వాత నురగ, గాలి బుడగలే. అంటే పంపు పోయినట్టేనా? పాత పంపు తీసేసి ఎలక్ట్రిక్ పంపు పెట్టమని కూడా అంటున్నారు.

గోదావరిగట్టు

పోయిందని ఇంకా అనకూడదు. ఏమీ రాకపోవడం వేరు, గాలి రావడం వేరు. గాలి వస్తోందంటే పంపు లాగుతూనే ఉంది, కానీ పెట్రోల్‌కి బదులు ఎక్కడినుంచో గాలి దొరుకుతోంది. పంపు వాల్వులు పాడైతే పోటు బలహీనంగా ఉంటుంది కానీ ఇంత నురగ రాదు.

టాంకీ వెనక కింద, పంపు ముందు పైన. మధ్యలో గొట్టమంతా పంపు పీల్చే వైపు ఉంది. ఆ వైపు రబ్బరు చిట్లితే పెట్రోల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. కింద తడి మరక ఉండదు, వాసన ఉండదు. అందుకే చాలామంది ఆ గొట్టాన్ని చూడకుండా దాటేసి పంపు మారుస్తారు.

పంపు మంచిదో కాదో ఇలా తేల్చండి. పంపులోకి వచ్చే గొట్టాన్ని పంపు దగ్గర ఊడదీసి, దాని స్థానంలో మూరెడు కొత్త గొట్టం తొడిగి, రెండో కొస అర లీటరు శుభ్రమైన పెట్రోల్ ఉన్న సీసాలో ముంచండి. సీసా బంపర్ మట్టంలో, అంటే పంపు కంటే కిందే ఉండాలి. పైన పెడితే పెట్రోల్ తనంతట అదే జారుతుంది, పంపు లాగే శక్తి తెలియదు. కాయిల్ వైరు ఊడదీసే ఉంచి సెల్ఫ్ కొట్టండి. పోట్లు గట్టిగా వస్తే పంపు బాగుంది. రాకపోతే పంపు మార్చండి. మార్చేటప్పుడు పంపుకీ హెడ్‌కీ మధ్య ఉండే దళసరి ఇన్సులేటర్ అదే మందంలో పెట్టాలి, మందం మారితే పంపు లివర్ స్ట్రోక్ మారిపోతుంది.

పంపు బాగుందని తేలితే వెనక్కి వెళ్లండి. ముందు పాత గొట్టం పంపుకి మళ్లీ తొడిగి, టాంకీ మూత తీసి ఒకసారి సెల్ఫ్ కొట్టండి. గాలి దారి మూసుకుపోతే టాంకీలో వ్యాక్యూమ్ ఏర్పడుతుంది, మూత తీయగానే బుస్సుమంటుంది. తేడా లేకపోతే మూత తీసే ఉంచి, గొట్టాన్ని పంపు దగ్గర మళ్లీ ఊడదీసి అందులోకి సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టండి. ఇంకొకరు టాంకీ మూతి దగ్గర చెవి పెట్టి వినాలి. గుడగుడమని బుడగలు వినపడితే దారి తెరిచే ఉంది, అంటే గాలి పీల్చేది రబ్బరు ముక్కల దగ్గరే. వినపడకపోతే ఫిల్టరో టాంకీలోని జల్లెడో మూసుకుపోయింది. కంప్రెసర్ వాడొద్దు, ఆ ఒత్తిడికి పాత గొట్టాలు క్లిప్పుల దగ్గర ఊడిపోతాయి. నోటితో పీల్చడం అసలే వద్దు. ఊపిరితిత్తుల్లోకి చుక్క పోయినా ప్రాణం మీదికొస్తుంది.

ఫిల్టర్ సగమే నిండి కనపడిందని కంగారు పడకండి, చాలా కార్లలో అలాగే ఉంటుంది. నడిచేటప్పుడు అందులో పెట్రోల్ కదులుతోందా అన్నదే చూడాలి.

ఎలక్ట్రిక్ పంపు నా మాటగా వద్దు. కార్బరేటర్ పిన్ను తట్టుకునే ఒత్తిడి 3 నుంచి 5 పీఎస్‌ఐ, అంటే బార్‌లో మూడో వంతు దాకానే. ఎంపీఎఫ్‌ఐ కారు (కార్బరేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మేది) పంపు దానికి ఎన్నో రెట్లు నెడుతుంది, పిన్ను ఆగదు, పెట్రోల్ పొంగి వేడి మానిఫోల్డ్ మీద పడుతుంది. తక్కువ ఒత్తిడి పంపు దొరికినా, ఇంజిన్ ఆగినప్పుడు దాని కరెంటు కట్ చేసే రిలే పెట్టకపోతే గుద్దుకున్నప్పుడు కూడా పోస్తూనే ఉంటుంది. పాత పంపు ఇంజిన్‌తో పాటే ఆగుతుంది, ఈ కారుకి అదే క్షేమం.

శనగతోట

పెట్రోల్ సంగతి ఎవరూ అనలేదు. 1996లో ఈ గొట్టాలు, డయాఫ్రమ్‌లు తయారైనప్పుడు మన పెట్రోల్‌లో ఇథనాల్ లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఎక్కువగా 20 శాతం కలిపిన ఇ20. పాత రకం రబ్బరు దానిలో ఉబ్బుతుంది, ఎండితే గట్టిపడి చిట్లుతుంది. నడుస్తూ ఉండే కారు కంటే నెలలు నిలిచిన కారులో ఈ నష్టం త్వరగా బయటపడుతుంది.

ఇథనాల్ గాలిలోని తేమని కూడా లాగుతుంది. నీరు హద్దు దాటితే ఇథనాల్‌నీ తనతో తీసుకుని అడుగుకి దిగిపోతుంది. పంపు పీల్చేది అడుగు నుంచే కదా, ఇంజిన్‌కి ముందు ఆ నీళ్లే అందుతాయి. టాంకీ అడుగు నుంచి గాజు సీసాలోకి కొంచెం తీసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర గీత కనపడితే టాంకీ మొత్తం ఖాళీ చేయాలి. కొత్తది కలిపి సర్దుకుందామంటే కుదరదు. పొర లేకపోయినా వార్నిష్ లాంటి పుల్లటి వాసన, ముదురు రంగు ఉంటే అదీ వద్దు.

ఇథనాల్ ఎంత ఉందో చూడాలంటే కొలత గొట్టంలో 80 మి.లీ. పెట్రోల్, 20 మి.లీ. నీళ్లు పోసి కుదిపి నిలపండి. ఇథనాల్ నీళ్లలోకి దిగుతుంది. కింది పొర 20 నుంచి 35 దాపుకి పెరిగితే అది ఇ20. ఆ పెట్రోల్ మళ్లీ కారులో పోయకండి.

కొత్తవంతెన

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది 2003 ఎంపీఎఫ్‌ఐ 800, ఇదే లక్షణం. ఈ పరీక్షలు దానికీ పనికొస్తాయా?

జెట్టునంబర్

రావండి. మీ కారులో పంపు టాంకీ లోపల ఉంటుంది, గొట్టంలో ఒత్తిడి రెండున్నర బార్‌కి అటూఇటూ. గొట్టం నేరుగా ఊడదీస్తే కళ్లలోకి చిమ్ముతుంది. వెనక సీటు దగ్గర చెవి పెట్టి తాళం ఆన్ చేయండి. రెండు మూడు సెకన్లు గుయ్‌మని ఆగాలి. వినపడకపోతే ఫ్యూజు, పంపు రిలే, పంపు కనెక్టర్‌లో 12 వోల్టులు, ఈ వరసలో చూడండి. కరెంటు అందుతున్నా తిరగకపోతే పంపు పోయింది. పంపు మోగుతున్నా అందుకోకపోతే ప్రెషర్ గేజ్ పెట్టి చూడాల్సిందే. తాళం ఆన్ చేసినా చెక్ ఇంజిన్ దీపం వెలగకపోతే పంపు జోలికి పోకండి, ముందు ఈసీఎంకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి, కరెంటు వస్తోందో లేదో చూడండి.

తుంగభద్ర800

దొరికింది. సీసా నుంచి లాగిస్తే పంపు బలంగా కొట్టింది. సైకిల్ పంపుతో కొడితే టాంకీలో బుడగలు వినపడ్డాయి. ఫిల్టర్ నుంచి పంపుకి వచ్చే రబ్బరు గొట్టం క్లిప్పు కింద చుట్టూ చిట్లి ఉంది, పైకి ఏమీ తెలియదు. వంచితే పగుళ్లు తెరుచుకుంటున్నాయి. సీసాలో పెట్రోల్ పొరలుగా విడిపోలేదు కానీ వాసన బాగాలేదు, తీసేస్తున్నాం. ఆ ఒక్క గొట్టం మారిస్తే చాలా?

గోదావరిగట్టు

చాలదు. మిగతా రబ్బరు ముక్కలకీ అంతే వయసు. టాంకీ దగ్గరివి, ఇనప పైపుకీ ఫిల్టర్‌కీ మధ్యది, పంపు నుంచి కార్బరేటర్‌కి వెళ్లేది, తిరిగి టాంకీకి పోయేది, అన్నీ ఒకేసారి మార్చండి. పంపు నుంచి కార్బరేటర్‌కి వెళ్లేది ఒత్తిడి వైపు ఉంది, అది చిట్లితే గాలి పీల్చదు, వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. అన్నిటికంటే ముందు అదే మార్చండి.

పాత ముక్క పట్టుకెళ్లి లోపలి రంధ్రం కొలిచి తీసుకోండి. గొట్టం మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉంటే ఇథనాల్‌కి తట్టుకుంటుంది. అచ్చేమీ లేని నల్ల గొట్టం, గ్యాస్ గొట్టం, పారదర్శక ప్లాస్టిక్ గొట్టం వద్దు. ఊడదీసే ముందు ఫోటో తీసుకోండి. పంపుకి మూడు ముక్కులుంటే వచ్చేదీ తిరిగి పోయేదీ తారుమారు చేస్తే మళ్లీ ఇదే గోల. ఫిల్టర్ కొత్తది పెట్టి, బాణం గుర్తు పంపు వైపు ఉంచండి. గొట్టం కొస చిట్లి ఉంటే అంగుళం కోసి మళ్లీ తొడిగే అలవాటు వద్దు, లాగినట్టు బిగువై వంపు దగ్గర ఇంకోచోట చిట్లుతుంది.

బిగించాక కాయిల్ వైరు తగిలించకుండానే పది సెకన్ల చొప్పున రెండు మూడు విడతలు సెల్ఫ్ కొట్టి, అద్దంలో మట్టం మధ్యకి వచ్చిందని చూసుకోండి. అప్పుడు వైరు తగిలించి, చోక్ పూర్తిగా లాగి, రేస్ తొక్కకుండా స్టార్ట్ చేయండి. నడుస్తుండగా అన్ని క్లిప్పుల దగ్గరా పొడి గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడండి. మట్టం అద్దం మధ్య దాటి పైకి పోతూ నల్ల పొగ వస్తుంటే పిన్ను సరిగా మూయడం లేదు, కార్బరేటర్ విప్పాల్సింది అప్పుడు.

తుంగభద్ర800

గొట్టాలన్నీ, ఫిల్టర్ మార్చాం. మట్టం మధ్యకి రావడానికి రెండు విడతలు పట్టింది, చోక్ లాగి కొడితే వెంటనే అందుకుంది. క్లిప్పులు పొడిగా ఉన్నాయి, పొగ లేదు. కార్బరేటర్ ముట్టుకోలేదు. అందరికీ ధన్యవాదాలు.