లంకలో ఇల్లు, బ్యాంకులో కట్టిన ఇన్సూరెన్సు: గోదారొస్తే డబ్బులొస్తాయా?

లంక కుర్రాడు:
అందరికీ నమస్కారం అండి. మాది పి.గన్నవరం మండలంలో, గోదారి పాయల మధ్య లంక ఊరు. నేను హైదరాబాదులో ఉద్యోగం, అమ్మానాన్న ఊళ్లోనే. 2022 జూలై వరదకి పాత పెంకుటిల్లు బాగా దెబ్బతింది. తర్వాత దాన్ని తీసేసి లోను మీద డాబా వేశాం. స్థలం పల్లం కాబట్టి మట్టి తోలించి మెరక చేశాకే పునాది తీశాం. లోను ఇచ్చేటప్పుడు బ్యాంకులో ఇన్సూరెన్సు అని ఒకేసారి 38 వేలు పట్టుకున్నారు. "ఇన్సూరెన్సు ఉంది కదరా, గోదారొచ్చినా మనకేం" అని నాన్నగారి ధీమా. నాకే టెన్షన్. ఊరి చివర ఏటి ఒడ్డు ఏటేటా కోసుకుపోతోంది. అమ్మ బంగారం ఇంట్లో బీరువాలోనే ఉంటుంది. స్థలంతో కలిపి ఇల్లు యాభై లక్షలు చేస్తుంది. యాభైకి కొత్తగా పాలసీ చేయించమంటారా?

భీమవరం బుల్లోడు:
వరదలు, తుపాన్లు దేవుడి పని అని ఒక్క రూపాయి ఇవ్వరండి. ఆ డబ్బుతో చిట్టీ కట్టుకోండి, హాయి.

మాజీ సర్వేయరు, పాలకొల్లు:
భీమవరం గారూ, ఆ మాట ఎవరు పుట్టించారో గానీ దానివల్ల చాలామంది అసలు పాలసీయే తీసుకోవడం లేదండి. 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ గృహ రక్ష' అని ఒకే నమూనా పాలసీ వచ్చింది. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ తయారు చేసింది, ఏ కంపెనీలో తీసుకున్నా మూల పాలసీలో షరతులు అవే. అందులో అగ్నిప్రమాదం, పేలుడు, పిడుగు, భూకంపంతో పాటు తుపాను, వరద, ముంపు అని పేరు పెట్టి మరీ రాసి ఉంటుంది.

లంక కుర్రాడు గారూ, ముందు ఆ 38 వేల కాగితం తీయించండి. ఒకేసారి అంత పట్టుకున్నారంటే అది ఇంటి మీద కాదు, లోను తీసుకున్న మనిషి ప్రాణం మీద చేసిన పాలసీ అని నా అనుమానం. మనిషి పోతే లోను బాకీ తీరుస్తుంది. ఇల్లు పోతే దానికేం సంబంధం లేదు. బీమా నష్టం లెక్కగట్టడానికి నేను సర్వేకి వెళ్లిన ఊళ్లలో ఎక్కువ మంది దెబ్బతిన్నది ఇక్కడే. నీళ్లు తీశాక ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు, ఏం చెప్పను?

ఇక ఒడ్డు కోత సంగతి. మీ ఊరికి అసలు ముఖ్యం ఇదే. గోదారి ఇంట్లోకి వచ్చి పాడుచేస్తే అది వరద, ఇస్తారు. అదే గోదారి ఒడ్డు కోసుకుంటూ వచ్చి ఇంటి కింద మట్టి పట్టుకుపోతే అది నదీ కోత. నేల కుంగినా, కొండచరియ పడినా పాలసీ ఇస్తుంది గానీ, ఏటి కోత, సముద్రపు కోత రెండూ మినహాయింపుల్లో ఉన్నాయి. ఉప్పాడ తీరం వాళ్లదీ ఇదే బాధ. పోసిన మట్టి కుంగి గోడ బీట తీసినా, కొత్త ఇల్లు సర్దుకునేటప్పుడు వచ్చే మామూలు బీటలైనా ఇవ్వరు. మీది మెరక చేసిన స్థలం కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడే ఇంటి చుట్టూ నడిచి గోడలన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి. రేపు వరదకి గోడ పగిలితే "ఇది పాత బీటే" అన్నవాడికి చూపించడానికి ఉంటుంది.

మనవాళ్లకి ఇంకో అలవాటు ఉంది. నీళ్లు తీయగానే ఇల్లు కడిగి సున్నం కొట్టేస్తారు. పాములూ తేళ్లూ ఉంటాయి, బురద ఉంచమని నేను అనను. కానీ గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో టేపు పెట్టి ఫోటో తీయండి, తడిసిన పరుపులు, ఫ్రిజ్ వరసగా తీయండి, కంపెనీకి కబురు చెప్పండి, అప్పుడు కడగండి. సర్వేయరుకి ఆ మరకే సాక్ష్యం.

యాభై లక్షలకి చేయించొద్దు. స్థలం ఎక్కడికీ పోదు (కోత సంగతి పక్కన పెడితే!), పాలసీలో దాని విలువ కలవదు. ఇంటి కార్పెట్ ఏరియాని, అంటే గోడల లోపలి నేల కొలతని, మీ దగ్గర చదరపు అడుగు కట్టుబడి ఖర్చుతో హెచ్చవేసి చూడండి. వెయ్యి అడుగులు, అడుగుకి 2,000 అనుకుంటే 20 లక్షలు. ప్రహరీ, గేటు, సెప్టిక్ ట్యాంకు, సోలార్ పలకలు కూడా ఇంటి కిందికే వస్తాయి, వాటి ఖర్చు కలపండి. సామానుకి ఇంటి మొత్తంలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, దానంతట అదే వస్తుంది. అంటే ఈ లెక్కన 4 లక్షలు. అమ్మగారి బంగారం అందులో లేదు, విడిగా విలువ రాయించి తీసుకోవాలి. నగదు ఎలాగూ రాదు.

లంక కుర్రాడు:
గురువుగారూ, కాగితం ఫోటో తెప్పించాను. మీరన్నదే నిజం, అది నాన్నగారి ప్రాణం మీదే. ఇంటి మీద ఏమీ లేదు! ఇంకో రెండు అడుగుతాను. వరదకి ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి పోతే దొంగలు పడితే? పాలసీ ఎప్పుడు తీసుకోవాలి?

మాజీ సర్వేయరు, పాలకొల్లు:
పాలసీలో రాసి ఉన్న వరద లాంటి ప్రమాదం వల్ల, అది జరిగిన ఏడు రోజుల్లోపు జరిగే దొంగతనానికి ఇస్తారు. మామూలు రోజుల్లో తాళం పగలగొడితే ఇందులో రాదు, దానికి దొంగతనం కవరు వేరే తీసుకోవాలి.

ఎప్పుడంటే, ఎండాకాలంలోనే. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటి మూడో హెచ్చరిక ఎగరేశాక ఏజెంటుకి ఫోన్ చేస్తే ఏం లాభమండి. ప్రపోజలు ఫారంలో ఏటి ఒడ్డు, మెరక, పక్కన తాటాకు పాక ఉంటే పాక, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఏజెంటు "అవసరం లేదులెండి" అంటాడు. వినకండి.

యానాం సుబ్బి:
మా బావగారి బైకు మునిగితే ఇంటి పాలసీలో అడిగారు, రాదన్నారు. బండికి బండి ఇన్సూరెన్సే, అదీ థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే దండగ. క్లెయిము కొట్టేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆంధ్రాకీ మా యానాంకీ ఆఫీసు హైదరాబాదులోనే, కాబట్టి లంక తమ్ముడికి దగ్గరే.

భీమవరం బుల్లోడు:
సర్లెండి, చిట్టీ మాట వెనక్కి తీసుకున్నాను. మరి మా రొయ్యల చెరువు గట్టు తెగితే ఇదే పాలసీలో వస్తుందా?

మాజీ సర్వేయరు, పాలకొల్లు:
రాదండి. అది వ్యాపారం, ఇల్లు కాదు. ఎన్ని ఎకరాలో, గట్టు ఎలా కట్టారో చెప్పి వేరే ప్రశ్నగా పెట్టండి, రాత్రికి రాస్తాను.