లాస్ట్ నేమ్ గడి తప్పనిసరా? ఒక్క "పూర్తి పేరు" చాలదా?

మారతహళ్లి కాపురం:
మా నాన్నకి ఇక్కడ బెంగళూరులో ఒక ఆసుపత్రి సైట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుందామని మొన్న రాత్రి కూర్చున్నా. ఆధార్‌లో ఆయన పేరు "కె వెంకటేశ్వర్లు". లాస్ట్ నేమ్ తప్పనిసరి అంది కాబట్టి "కె" అని కొట్టి, అడ్రసు, పిన్‌కోడ్, పాత జబ్బులు, వాడే మందులు అన్నీ ఓపిగ్గా నింపి సబ్మిట్ నొక్కితే, పైనెక్కడో ఎర్ర అక్షరాల్లో "కనీసం రెండు అక్షరాలు ఉండాలి" అని వచ్చింది. కింద చూస్తే ఫారం మొత్తం ఖాళీ! మళ్ళీ మొదట్నుంచి నింపి "కొల్లా" అని పెట్టా. తెల్లారి వెళ్తే ఆధార్‌తో పేరు కలవట్లేదని కౌంటర్ దగ్గర ఆపేశారు. ఒక్క గడి పెట్టి, మీ పేరు మీరు రాసుకునేట్టే రాయండి అంటే ఎవరి సొమ్ము పోయింది?

సిల్క్‌బోర్డ్ జీవి:
ఇలాంటి ఫారాలు రాసేది నేనే అన్నా, కాబట్టి తిట్లు నాకే తగులుతున్నాయి. నింపింది చెరిపేయడం మాత్రం శుద్ధ తప్పు, దానికి సాకు లేదు. కానీ రెండు గడులు సరదాకి పెట్టం. విమానం టికెట్‌కి ఇంటిపేరు విడిగా కావాలి, పాన్ నంబరులో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరమే. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒంటి పేరు ఉంటే విజిట్ వీసా మీద రానివ్వమంది, ఆ తర్వాత పాస్‌పోర్టులో నాన్న పేరుంటే చాలని సడలించింది. ఒకే గడిలో "పి వి రమణ మూర్తి" అని రాస్తే అందులో ఏది ఇంటిపేరో ప్రోగ్రాంకి ఎవరు చెప్తారు?

అడయార్ అక్క:
బీపీ చూపించుకోడానికి వీసా రూల్స్ ఎందుకు తమ్ముడూ? నేను చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నా. ఇక్కడ చాలామంది తమిళులకి ఇంటిపేరే ఉండదు, నాన్న పేరు మొదటి అక్షరమే ఇనిషియల్. మీ గడి ఒక్క అక్షరం ఒప్పుకోదు, చుక్క పెట్టినా ఒప్పుకోదు, దాంతో పాపం ఉన్న పేరే రెండుసార్లు కొడతారు. మా డేటాబేస్‌లో "సెల్వి సెల్వి"లు ఎంతమందో! విడిగా కావాలి కావాలని మీరు పోగేసిన డేటా ఇదీ. పేరుని విడగొట్టడం నిజంగా అవసరమా అని ముందు ఆలోచించుకోమని వెబ్‌కి ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్ళే రాశారు, మిమ్మల్ని ఎలా పిలవమంటారు అని ఇంకో గడి పెట్టొచ్చని కూడా అన్నారు. టికెట్ అమ్మేవాళ్ళు విడిగా అడగండి, కాదనను, అది కూడా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయమని పక్కన చెప్పి.

సిల్క్‌బోర్డ్ జీవి:
ఆసుపత్రి వరకు ఒప్పుకుంటా అక్కా. కానీ రేపు ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంటిపేరు విడిగా పంపమంటే మళ్ళీ మా మెడకే.

అడయార్ అక్క:
అడిగినప్పుడు అడగండి. ఎప్పుడో వచ్చే ఇన్సూరెన్స్ కోసం ఇవాళ్టి పేషెంట్‌ని ఆపుతారా?

మారతహళ్లి కాపురం:
మిగతా కథ కూడా వినండి. కౌంటర్‌లో అమ్మాయి పెన్నుతో పేరు దిద్ది లోపలికి పంపింది గానీ కంప్యూటర్‌లో పాతదే ఉండిపోయింది. నర్సు వచ్చి "మిస్టర్ కొల్లా" అని మూడుసార్లు పిలిచినా నాన్న కదల్లేదు, ఆయన్ని జన్మలో ఎవరూ అలా పిలవలేదు మరి. తోడుగా వచ్చిన మా పెదనాన్న కూడా కొల్లాయే కదా, తననే అనుకుని లేచి వెళ్ళారు. నేను టీ తాగి వచ్చేసరికి ఆయనకి బీపీ చూసేశారు.